చిగురు కింది పన్ను

పోయిన వారం మా చిన్న కోడలు నన్ను గుడివాడలో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. వద్దమ్మా, నోట్లో మిగిలినవే నాలుగు, వాటి మానాన వాటిని వదిలెయ్యమని ఎంత బతిమాలినా వినలేదు. ఆ కుర్చీలో కూర్చోబెట్టి, వెనక్కి వాల్చి, మొహం మీద లైటు వేసేసరికి నా కాళ్ళు చల్లబడ్డాయి. డాక్టరు మా మనవరాలి ఈడు పిల్ల. చేతికి రబ్బరు తొడుగు వేసుకుని కింది చిగురు మీద వేలితో నొక్కి, ఎప్పుడో విరిగిన పన్ను ముక్క ఒకటి లోపలే ఉండిపోయిందని చెప్పి, నాకు నమ్మకం కలగడానికి ఎదురుగా ఉన్న టీవీలో దాని ఫొటో కూడా చూపించింది. ఆ ఫొటోలో నాకు మసక తప్ప ఏమీ కనిపించలేదు. కాని ఆ వేలు నొక్కిన చోట గట్టిగా ఏదో ఉందని మాత్రం తెలిసింది, ఆ తెలియడంతోనే ఎన్నో ఏళ్ళ నాటి ఒక మధ్యాహ్నం నా కళ్ళ ముందుకొచ్చి నిలబడింది. ఆనాడు వేలు నాది, నోరు ఒక ఒంగోలు గిత్తది. కాళ్ళు చల్లబడింది మాత్రం అప్పుడూ నాకే.

నేను పుట్టు పిరికివాణ్ణి. ఈ మాట చెప్పుకోడానికి ఇప్పుడు సిగ్గు కూడా లేదు. బందరులో మిషను బడి పంతులుగారి అబ్బాయిగా పెరిగాను, సముద్రం మీద నుంచి గాలి కాస్త గట్టిగా వీస్తే తుఫానేమోనని మంచం కిందికి దూరేవాణ్ణి, వీధి కుక్క అటు తిరిగి పడుకుంటే తప్ప సందు దాటేవాణ్ణి కాదు. అలాంటివాణ్ణి మా నాన్నగారు పశువుల డాక్టరు చదువుకు పంపించారు. మనుషుల డాక్టరు చదువుకు సీటు రాలేదు, పశువులైతే ఎదురు మాట్లాడవు కదా అన్నది ఆయన ధైర్యం. పశువులు మాట్లాడకపోయినా వాటి యజమానులు మాట్లాడతారన్న సంగతి ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు. చదువు పూర్తయి అరవైల మొదట్లో దివిసీమలో ఉద్యోగం వచ్చింది. అప్పటికి పెళ్ళయి ఏడాది కాలేదు. పులిగడ్డ అక్విడక్టు మీద బస్సు దాటుతుంటే కింద నది చూసి మా ఆవిడ చేతులు జోడించి ప్రార్థన చేసుకుంది. ఆవిడ ప్రార్థించింది నది గురించి, నేను ప్రార్థించింది పాముల గురించి, ఎందుకంటే దివిసీమ పాములకు ఎంత పేరు మోసిందో మా ఈడు కృష్ణా జిల్లా వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

కరకట్ట దిగువన మా ఆసుపత్రి ఉన్న ఊళ్ళో మాకు ఇల్లు దొరకడమే ఒక విశేషం. మా మతం పేరు చెప్పగానే కొందరు ఇల్లు ఖాళీ లేదనేవాళ్ళు. చివరికి ఊళ్ళో అందరికన్నా పెద్ద రైతే తన ఇంటి పక్క వాటా ఇచ్చారు. వాళ్ళావిణ్ణి మా ఆవిడ పిన్నిగారూ అని పిలవడం మొదలుపెట్టింది, ఆ వరసన నేను ఆయన్ని బాబాయిగారూ అనేవాణ్ణి. పిన్నిగారు మనసున్న మనిషి. మా ఆవిడ నెల తప్పిందని తెలిసిన దగ్గర్నుంచీ ఒకపూట పులుసు, ఒకపూట పప్పు, ఏదో ఒకటి గోడ మీదుగా అందుతూనే ఉండేది. బాబాయిగారు మాత్రం నాకు భయం. ఆయన ఏనాడూ నన్ను ఒక్క మాట అనలేదు, అసలు గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. ఆయన మెల్లిగా ఒక మాట అంటే ఊళ్ళో పదిమంది దాన్ని గట్టిగా చేసేసేవాళ్ళు, నా భయమంతా అదే. ఎవరి మీద కోపం వచ్చినా ఆయన కండువా దులిపి అటు భుజం నుంచి ఇటు భుజానికి మార్చుకునేవారు. మా అరుగు మీద కూర్చుని ఆ కండువా ఎటు ఉందో చూసి గాని నేను ఆయన్ని పలకరించేవాణ్ణి కాను.

ఆ ఊళ్ళో శివరాత్రి తిరునాళ్ళకు ఎడ్ల బండలాగుడు పందాలు జరిగేవి. ఇప్పటి పిల్లలకి దాన్ని పోటీ అంటే నవ్వులాటగా ఉంటుందేమో గాని, ఆ రోజుల్లో మా ప్రాంతంలో దాని ముందు ఏ ఆటా ఆట కాదు. మన్ను చదును చేసిన పొడవాటి బరి, గొలుసు తగిలించి లాగే రాతి బండ, పెట్టిన గడువులో దాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పుతూ ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్ళది గెలుపు. లేత గిత్తల్నీ ముదురు ఎడ్లనీ ఒకే బండకు కడితే అన్యాయం కాబట్టి పళ్ళను బట్టి తరగతులు పెట్టేవాళ్ళు. ఎద్దుకు పై దవడలో ముందు పళ్ళు ఉండవు. కింది దవడలో పాలపళ్ళు రాలి, వాటి చోట పెద్ద పళ్ళు రెండేసి చొప్పున వస్తాయి. రెండు పెద్ద పళ్ళు వచ్చినవి రెండు పళ్ళ తరగతి, మూడోది మొలిచిందంటే నాలుగు పళ్ళ తరగతి, అలా. పన్ను చిగురు చీల్చుకుని బయటికి వస్తేనే లెక్క. పాలపన్ను రాలి ఖాళీగా ఉన్నంత మాత్రాన పై తరగతి కాదు.

ఇంత నియమం ఉన్నా, బరి దగ్గర ఎవరూ ఎవరి ఎడ్లకీ పళ్ళు చూసేవాళ్ళు కాదు. నా జత రెండు పళ్ళదీ అని యజమాని చెబితే ఆ మాటే చాలు. మాట మీద ఎవరికైనా అనుమానం ఉంటే, బండకు గొలుసు తగిలించక ముందే వచ్చి తన చర్నాకోల కమిటీ వాళ్ళ బల్ల మీద పెట్టాలి. అప్పుడే నోరు తెరిపించి చూస్తారు. అనుమానం నిజమైతే అవతలి జత బరి నుంచి వెళ్ళిపోతుంది. నిజం కాకపోతే ఆ చర్నాకోల విరిచేస్తారు, పెట్టినవాడి జత ఆ ఏడాది దివిసీమలో ఏ బరిలోనూ దిగడానికి వీల్లేదు. పదిమందిలో ఒక పెద్దమనిషిని అబద్ధాలకోరు అని అనడం కదా, ఆ మాత్రం పణం ఉండాలని పూర్వీకులు అనుకుని ఉంటారు. అందుకే చర్నాకోల బల్ల మీద పడటం ఏ నాలుగైదేళ్ళకో ఒకసారి జరిగేదట.

పళ్ళు చూసే పెద్దగా ఆ ఏడు నన్ను ఉండమన్నారు. కమిటీ వాళ్ళు ఆసుపత్రికి వచ్చి అడిగినప్పుడు, నాకీ ఊళ్ళో పొలం లేదు, చుట్టరికాలు లేవు, పైగా సర్కారు మనిషిని, కాబట్టి నాకన్నా తటస్థుడు దొరకడని పొగిడారు. నేను పొంగిపోయి తల ఊపేశాను. వాళ్ళు వెళ్ళిన తరవాత మా కాంపౌండరు గారు మెల్లిగా అసలు సంగతి చెప్పారు. అంతకుముందు పళ్ళు చూసిన పెద్దాయన్ని, తీర్పు నచ్చనివాళ్ళు తీసుకెళ్ళి కాలవలో పడేశారట, ఆయన సైకిలు కూడా వెనకాలే పడేశారట. ఆయన్ని పైకి తీశారు గాని సైకిలు ఇప్పటికీ దొరకలేదని కూడా చెప్పారు. నాకు ఈత రాదు. ఆ రాత్రి నుంచి నాకు అన్నం సయించలేదు. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే మా ఆవిడ జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూసింది.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది, అది నాకు పందెం ముందు రోజుకు గాని తట్టలేదు. రెండు పళ్ళ తరగతిలో బాబాయిగారి జత ఉంది. వరసగా గెలుస్తున్న ఇల్లు అది. ఆ తరగతిలోనే మా కాంపౌండరు గారి బావ జత కూడా ఉంది. ఆయనది నాగాయలంక అవతల సముద్రం వైపు పేట, మా మతం వాళ్ళే. ఆ పేట నుంచి బరిలోకి ఒక జత రావడం అదే మొదటిసారి. అంటే, నేను ఒకరి ఇంట్లో వాళ్ళ పప్పూ పులుసూ తింటున్నాను, ఇంకొకరితో ఆదివారం ఒకే గుడిలో మోకరిస్తున్నాను. కమిటీ వాళ్ళు నన్ను తటస్థుడంటే రెండు వైపుల వాళ్ళూ ఎందుకు ఒప్పుకున్నారో అప్పుడు అర్థమైంది. ఇద్దరూ నేను తమ మనిషినే అనుకున్నారు. ఏ చర్నాకోలా బల్ల ఎక్కకుండా చూడు ప్రభువా అని ఆ రోజంతా అదే ప్రార్థన.

పందెం నాడు నన్ను ఒక బల్ల వెనక కుర్చీలో కూర్చోబెట్టి మెడలో కాగితం పువ్వుల దండ వేశారు. మా కాంపౌండరు గారు నా సైకిలుని బరికి దూరంగా, కరకట్ట ఎక్కే దారి దగ్గర, హ్యాండిలు బందరు వైపు తిప్పి నిలబెట్టి వచ్చారు. ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు. జనం విరగబడి వచ్చారు. పేట నుంచి ఆడవాళ్ళూ పిల్లలతో సహా బళ్ళు కట్టుకుని, అన్నాలు మూట కట్టుకుని వచ్చి బరి చివర గడ్డి మీద కూర్చున్నారు. వాళ్ళ గిత్తల కొమ్ములకి కట్టిన ఎర్ర రిబ్బను గుడ్డలు పెళ్ళిబట్టల నుంచి చింపినవని తరవాత తెలిసింది. పాలపళ్ళ జతలు అయిపోయాయి. రెండు పళ్ళ తరగతి అని కేకేశారు. బాబాయిగారి పెద్దబ్బాయి జతని తోలుకొచ్చి బండ ముందు నిలబెట్టాడు. గొలుసు తగిలించబోతుండగా జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. ఆ దారిలోంచి కాంపౌండరు గారి బావ నడుచుకుంటూ వచ్చి, నా ముందు తన చర్నాకోల పెట్టారు.

ఆయన చెప్పిందేమిటంటే, ఆ ఉదయం కాలవ దగ్గర తన గిత్తలకు నీళ్ళు పెడుతుంటే అవతలి ఒడ్డున బాబాయిగారి కుడివైపు గిత్త నీళ్ళు తాగిందట, తల ఎత్తినప్పుడు నోటి నుంచి నెత్తురు కారిందట. మూడో పెద్ద పన్ను వచ్చేస్తే తరగతి మారిపోతుందని దాన్ని రాత్రికి రాత్రి పీకేశారని ఆయన ఆరోపణ. అలా పీకడం అంతకుముందు ఎక్కడెక్కడో జరిగిందని అందరూ విన్నదే. ఎడ్లు తెలిసినవాడు ఎవరైనా, పందెం పొద్దున గిత్త నోట్లో నెత్తురు చూస్తే, అదే అనుకుంటాడు. ఆయన మాటలో కోపం లేదు. బాబాయిగారు కండువా తీసి దులిపి, రెండో భుజం మీద వేసుకున్నారు.

నేను లేచాను. గిత్త దగ్గరికి ఎవరో నెట్టినట్టు వెళ్ళాను. వెళ్తూనే నాలో నేను ఒకటి గట్టిగా అనుకున్నాను. ఇల్లు పోతే పోనీ, కాలవలో పడేస్తే పడెయ్యనీ, పన్ను పీకారని తేలితే ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను అని. నా జన్మలో అంత ధైర్యం కూడగట్టుకోవడం అదే మొదలు. బాబాయిగారి పెద్దబ్బాయి ముకుతాడు బిగించి పట్టుకున్నాడు. కింది పెదవి వంచి చూశాను. నడిమి పెద్ద పళ్ళు రెండూ ఉన్నాయి, వాటి పక్కన కుడివైపు ఖాళీ, ఆ ఖాళీలో నెత్తురు గడ్డ. చూపుకి ఏమీ తేలదు. వేలు పెట్టి తడిమాను. పెద్ద పన్ను పీకి ఉంటే దాని వేరు లోతు కాబట్టి వేలు దిగే గుంట ఉండాలి. నా వేలు దిగలేదు. పల్చటి చిగురు తోలు కింద, పదునుగా, గట్టిగా ఒక అంచు తగిలింది. కొత్త పన్ను. పుట్టలేదు, పుట్టబోతోంది. పొద్దున పాలపన్ను దానంతట అదే రాలింది, నెత్తురు దానిది. జత నిజంగానే రెండు పళ్ళది.

ఆ క్షణంలో నాకు పట్టిన భయం లాంటిది నేను మళ్ళీ ఎరగను. అంత ధైర్యం కూడగట్టుకుని వచ్చింది బాబాయిగారికి వ్యతిరేకంగా చెప్పడానికి. ఇప్పుడు ఆయన వైపే చెప్పాలి. చెబితే ఎవరు నమ్ముతారు? ఆయన ఇంట్లో ఉండి, ఆయన తిండి తిని, ఆయనకు జడిసి, తనతో ఒకే గుడిలో మోకరించేవాడి నోరు కొట్టాడని ఆ పేటలో పసిపిల్లలు కూడా అంటారు. బరి చివర గడ్డి మీద కూర్చున్న ఆడవాళ్ళంతా లేచి నిలబడి నా వైపే చూస్తున్నారు. వాళ్ళ సంగతి అలా ఉంచి, ఆ చర్నాకోల విరగాలి, ఆ ఎర్ర రిబ్బన్ల జత బరిలో ఒక్క అడుగు వెయ్యకుండా వెనక్కి వెళ్ళాలి, అదీ నా ఒక్క మాట మీద. నా మాట మీద నాకే అంత బరువు మొయ్యగల నమ్మకం లేదు. అందుకే, ధైర్యంతో కాదు, భయంతోనే, ఒక మాట అనేశాను. అభ్యంతరం చెప్పినవారు కూడా వచ్చి వేలు పెట్టి చూడాలి అన్నాను.

జనంలో గుప్పుమని కలకలం లేచింది. బాబాయిగారు సూటిగా నా మొహంలోకి చూశారు.

“మీరు చూశారుగా డాక్టరు గారూ, అది చాలు. ఇంకొకళ్ళ చెయ్యి నా గిత్త నోట్లో పెట్టనివ్వను” అన్నారు, ఎప్పటిలాగే మెల్లిగా.

ఆ ఇంకొకళ్ళు అన్న మాటలో ఏముందో అక్కడున్న అందరికీ తెలుసు. ఆ ఊరి కళ్ళాల్లో పేట వాళ్ళ చెయ్యి ఎక్కడి దాకా రావచ్చో, ఎక్కడ ఆగాలో ఎవరూ రాసి పెట్టకపోయినా అందరికీ కొలత తెలిసిన రోజులవి. పెద్దబ్బాయి ముకుతాడు తమ్ముడి చేతికిచ్చి నాలుగడుగులు ముందుకు వచ్చాడు. కమిటీ పెద్ద గొంతు సవరించుకుని, అవతలివాళ్ళు చూడాలని రూల్లో లేదండీ అన్నాడు. నాకు చెమటలు పట్టి కళ్ళజోడు ముక్కు మీద నుంచి జారుతోంది. కరకట్ట దగ్గర నా సైకిలు ఎంత దూరంలో ఉందో మనసు లెక్క వేసుకుంటోంది.

“చూడకూడదని కూడా లేదండీ. ఆయన చూస్తే తప్ప నేను తీర్పు చెప్పలేను” అన్నాను.

బాబాయిగారు నన్ను చూడటం మానేసి తన పెద్దకొడుకు వైపు చూశారు, తరవాత గిత్త వైపు చూశారు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. చివరికి తనే ముందుకు వచ్చి, ముకుతాడు చిన్నకొడుకు చేతిలోంచి తీసుకుని, గిత్త తల తన రొమ్ముకి ఆనించి పట్టుకుని, రావయ్యా అన్నారు. కాంపౌండరు గారి బావ తొట్టిలో చేతులు ముంచి కడుక్కుని పంచెకు తుడుచుకున్నారు. దగ్గరికి రాబోయి ఆగిపోయారు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేసి ముందుకు తీసుకొచ్చి, ఎక్కడ పెట్టాలో చూపించాను. ఆయన వేలు ఆ ఖాళీలో ఆగింది. ఒకసారి తడిమి, నమ్మలేనట్టు రెండోసారి తడిమారు. ఆ వేలి కింద ఆయన ఏడాది అంతా ఉంది. గుంట ఉందని ఒక్క మాట అంటే చాలు, పేట అంతా ఆయన వైపు నిలబడేది, కొట్లాట జరిగేది, నా మాటకు విలువే ఉండేది కాదు. నా చేతి కింద ఆయన భుజం వణుకుతోంది.

ఆయన వేలు తీసి, జనం వైపు తిరిగి, “ఉందండీ. పన్ను లోపలే ఉంది. ఎవరూ పీకలేదు” అన్నారు. తరవాత బల్ల దగ్గరికి నడిచి, కమిటీ వాళ్ళు లేవక ముందే, తన చర్నాకోల తనే మోకాలికి ఆనించి విరిచి అక్కడ పెట్టారు. కేకలు లేవు, ఈలలు లేవు. బరి చివర ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని బళ్ళెక్కారు. ఎర్ర రిబ్బన్ల జత కరకట్ట ఎక్కి కనుమరుగయ్యే దాకా బండకు గొలుసు తగిలించలేదు. ఎవరూ ఆగమని చెప్పకపోయినా అందరూ ఆగారు.

బాబాయిగారి జతకి ఆ రోజు రెండో స్థానం వచ్చిందట. నేను చూడలేదు, చూసే స్థితిలో లేను. ఇంటికి వచ్చేసరికి సంగతి నా కన్నా ముందే వచ్చింది. మా ఆవిడ ట్రంకు పెట్టె సర్దేసి దాని మీదే కూర్చుని ఉంది. పిన్నిగారి దగ్గర నుంచి ఆ పూట ఏమీ రాలేదు. ఏ నిమిషాన ఖాళీ చెయ్యమంటారో, ఈ నెలలు నిండుతున్న మనిషిని తీసుకుని ఎక్కడికి వెళ్ళాలో అని నేను గుమ్మంలోకీ లోపలికీ తిరుగుతుంటే, దీపాల వేళకి బాబాయిగారు మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. కండువా ఏ భుజం మీదా లేదు, మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. నేను నిలబడే ఉన్నాను. కూర్చోండి అని ఆయనే అన్నారు. వీధి వైపు చూస్తూ మాట్లాడారు.

“పొద్దున ఆ నెత్తురు నేనూ చూశానండీ. మా పెద్దాడు పీకేశాడేమో అనుకున్నాను. వాడికి గెలుపు పిచ్చి. అడుగుదామని దొడ్లోకి వెళ్ళాను కూడాను. అడిగితే ఔనంటాడేమోనని భయమేసింది. అడక్కుండానే వచ్చేశాను.”

ఆయనకి భయమేమిటి? ఆ ఊళ్ళో భయం అన్నదానికి చివరి గుమ్మం ఆయనదే అని నేను అనుకునేవాణ్ణి. ఆ చెయ్యి తన గిత్త నోట్లో పడకూడదని ఆయన పట్టుబట్టింది కులం కోసమే కాదనీ, ఆ వేలికి గుంట తగిలితే తన కొడుకు పదిమందిలో దొంగ అవుతాడనీ, తల రొమ్ముకి ఆనించి పట్టుకున్నంతసేపూ ఆయన దానికే ఊపిరి బిగబట్టారనీ అప్పుడు తెలిసింది. నేను ముందు చూసి తలెత్తినప్పుడే నా మొహం చూసి తెలుసుకుందామనుకున్నారట. నా మొహంలో భయం తప్ప ఏమీ కనిపించక, తన అనుమానమే నిజమనుకున్నారట. ఇక దాచి లాభం లేదు, తేలేదేదో తన చేతుల్లోనే తేలనీ అని ముకుతాడు తనే పట్టుకున్నారట. ఆ మాట చెప్పి మొదటిసారి నవ్వారు. వెళ్ళబోతూ లోపల ట్రంకు పెట్టె మీద కూర్చున్న మా ఆవిణ్ణి చూసి, దాన్ని మంచం కిందికి తోసెయ్యమ్మా, కాలికి తగులుతుంది అన్నారు. ఆ రాత్రి గోడ మీదుగా చారు వచ్చింది.

మా కాంపౌండరు గారు కొన్నాళ్ళు నాతో ఆసుపత్రి పని గురించి తప్ప మాట్లాడలేదు. తరవాత ఒకరోజు సూదులు ఉడకబెడుతూ, మా బావ మిమ్మల్ని అడిగానని చెప్పమన్నాడండీ అన్నారు. అంతే, ఇంకేమీ లేదు. మరుసటి ఏడు ఆ బావగారు కొత్త చర్నాకోలతో బరికి వచ్చారు. ఆ ఏడు కమిటీ కూర్చున్నప్పుడు, అభ్యంతరం పెట్టినవాడి వేలే ముందు పెట్టాలనీ, ఎవరి వేలైనా సరే కాదనడానికి వీల్లేదనీ నియమం చేద్దామన్నది బాబాయిగారే. ఎవరి వేలైనా అన్న మాట దగ్గర కొందరు గొణిగారట. ఆయన కండువా దులిపారట, గొణుగుడు ఆగిపోయిందట. నేను అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ నియమం నడిచింది. మా పెద్దమ్మాయి ఆ ఇంట్లోనే పుట్టింది. ఆ తరవాత నన్ను పెదపారుపూడి వైపు బదిలీ చేశారు.

మొన్న చలికాలంలో గుడ్లవల్లేరు వైపు ఇలాంటి పందాలే జరుగుతుంటే మా చిన్నవాడు తీసుకెళ్ళాడు. పెద్ద తెర పెట్టారు, ప్రతి ఎద్దు పళ్ళూ ఫొటో తీసి ముందే చూపిస్తున్నారు. మంచి పద్ధతే, యజమాని పరువు మీద ఆధారపడక్కర్లేదు. ఒక జత మీద అభ్యంతరం వచ్చింది. తెర మీద ఆ పన్నుని గుమ్మం అంత చేసి చూపించారు. ఒకాయన అది పాలపన్నే అన్నాడు, ఇంకొకాయన కాదన్నాడు, ఇద్దరూ ఫోన్లు ఎత్తి ఒకరి ఫొటోలు ఒకరు తీసుకున్నారు, మైకు లాక్కున్నారు, భోజనాల వేళ దాకా అదే గొడవ. ఆ ఎద్దు పక్కనే నిలబడి గడ్డి పరక నములుతోంది. దాని నోట్లో ఒక వేలు పెట్టి చూద్దామని ఎవరికీ తోచలేదు. నేను చెబుదామని లేచి, పిరికివాణ్ణి కదా, మళ్ళీ కూర్చున్నాను.

అక్కడ అరుస్తున్న ఇద్దరి మొహాల్లోనూ నేను వెతికింది ఒకటే, భయం. అది ఎవరిలోనూ కనిపించలేదు. భయం మంచిదని నేను అనను. అది నన్ను జీవితమంతా ఎన్ని పాట్లు పెట్టిందో నాకు తెలుసు, ఆ రోజుల్లో అది ఎవరిని ఎక్కడ నిలబెట్టిందో కూడా తెలుసు. కాని ఆనాడు ఆ గిత్త చుట్టూ నిలబడ్డ ముగ్గురం ఎవరి మటుకు వాళ్ళం వణికాం, ముగ్గురికీ భయం ఆ చిగురు కింద ఉన్నదాని గురించే. మొన్న పళ్ళ డాక్టరు టీవీలో ఫొటో చూపించినప్పుడు, ఆ పిల్ల నవ్వుకున్నా సరే అని, నా వేలు నేనే నోట్లో పెట్టుకుని తడిమి చూశాను. గట్టిగా తగిలింది. ఉందమ్మా, లోపలే ఉంది అన్నాను. అలా అనేటప్పుడు నా మరో చెయ్యి కుర్చీ అంచుని పట్టుకుని ఉంది. ఆ చేతి కింద ఒక భుజం లేదే అనిపించింది.